రిక్తుడా, విరక్తుడా? అమ్మమ్మ వాక్యంలో ఒక అక్షరం

పట్టాభిపురం, గుంటూరు:
మా అమ్మమ్మ ఇక్కడే గుంటూరులో ఒక మిషన్ ఆస్పత్రిలో 30 ఏళ్ళు ఆయాగా చేసింది. చదువు రాదు. వాక్యాలన్నీ చెవిన పడి నిలిచినవే. రాత్రి కుటుంబ ప్రార్థనలో ఒక మాట తప్పకుండా వచ్చేది: "తన్ను తానే విరక్తునిగా చేసికొనెను." ఇంట్లో ఎవరైనా నేను ఇంత చేశాను, నేను ఇంత పెట్టాను అని లెక్కలు తీసినా ఆ ముక్క ఒక్కటి అనేసి, గిన్నెలు తోముకోవడానికి దొడ్లోకి వెళ్ళిపోయేది. ఆమె పోయి 11 ఏళ్ళయింది.

మొన్న శ్రమల దినాల (ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాస దినాల) కూడికలో బైబిల్లో పౌలు ఫిలిప్పీయులకు రాసిన పత్రిక రెండో అధ్యాయం చదివారు. క్రీస్తు గురించి చెప్పే ఏడో వచనం దగ్గర నా చెవి ఆగిపోయింది. "మనుష్యుల పోలికగా పుట్టి, దాసుని స్వరూపమును ధరించుకొని, తన్ను తానే రిక్తునిగా చేసికొనెను." రిక్తుడు! ఈ వచనం నేను చదవనిది కాదు, సండే స్కూల్లో కంఠతా అప్పజెప్పాను కూడా. అయినా నా లోపల అమ్మమ్మ గొంతుతో విరక్తుడే ఉండిపోయాడు.

ఆమె తప్పుగా విన్నదా? ఏదైనా పాత ప్రతిలో విరక్తుడని ఉండేదా? తెలిసినవాళ్ళు చెప్పండి. మూడు రోజులుగా ఇదే తొలిచేస్తోంది.

తెనాలి మాస్టారు:
రిక్తుడేనమ్మా, అనుమానం అక్కర్లేదు. రిక్తుడిది రిచ్ ధాతువు, ఖాళీ చేయడం. విరక్తుడిది రంజ్ ధాతువు, రంగు, అనురాగం. ఆ రంగు విడిచినవాడు విరక్తుడు. రెండు మాటలకూ చుట్టరికం లేదు. గ్రీకు మూలంలో ఉన్నది ఎకెనోసెన్, కెనోస్ అంటే ఖాళీ. ఆ మాటకు రిక్తుడు అతికినట్టు సరిపోయింది.

పైగా భావం చూడండి. విరక్తుడు లోకం వద్దని కొండెక్కుతాడు. పౌలు చెబుతున్నవాడు కొండ దిగి వస్తున్నాడు. విరక్తి అంటే ప్రేమ వదలడం, ఇక్కడ ప్రేమ కోసం మిగతావన్నీ వదలడం. మీ అమ్మమ్మగారు వేమన పద్యాలు వినబడే పల్లెల్లో పెరిగి ఉంటారు. విరక్తి తెలిసిన మాట, రిక్తం తెలియని మాట. చెవి తెలిసినదాన్నే పట్టుకుంటుంది.

వినుకొండ నుంచి:
మాస్టారూ, రిక్తం జనానికి తెలియదంటే ఒప్పుకోను. చవితి, నవమి, చతుర్దశి రిక్త తిథులు. ఆ రోజుల్లో నాగలి కట్టేవాళ్ళు కాదు, కొత్త బట్ట కట్టేవాళ్ళు కాదు. క్రైస్తవుల ఇళ్ళలో తిథి చూడరంటారేమో. చూడకపోయినా పొలంలో పక్క మనిషి నోట వినబడుతుంది కదా. ఖాళీ చేతులతో వచ్చినవాణ్ణి రిక్తహస్తాలతో వచ్చాడనడం కూడా చాలామందికి తెలిసిందే.

నన్ను ఆశ్చర్యపరిచేది అదే. జనం శుభకార్యానికి దూరం పెట్టే మాటను తెచ్చి అనువాదకులు క్రీస్తుకు పెట్టారు. శూన్యుడు అనలేదు, దీనుడు అనలేదు. రిక్తుడన్నారు. ఆ ధైర్యానికి నాకు గౌరవం కలుగుతుంది.

గుణదల, విజయవాడ:
నేను కతోలికుణ్ణి, మేము తపస్సు కాలం అంటాం. పవిత్ర గురువారం పాదాలు కడిగే పూజలో ఈ భావం మీదే ప్రసంగం వింటాం కాబట్టి కలగజేసుకుంటున్నాను.

పాత ప్రతి సంగతి అంత తేలిగ్గా కొట్టేయకండి. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో ఇక్కడ ఖాళీ అన్న మాటే లేదు. పేరు ప్రతిష్ఠలు లేనివానిగా చేసుకున్నాడనే అర్థం ఉంటుంది. ఖాళీ చేసుకున్నాడన్న మాట 1881 సవరణలో కనబడుతుంది. మన దగ్గర విశాఖపట్నంలో డెస్ గ్రాంజెస్, ఆనందరాయర్ కలిసి చేసిన సువార్తలు 1812లోనే అచ్చయ్యాయి. అంటే తెలుగు అనువాదం నడక నేర్చేనాటికి దొరల బల్ల మీద ఉన్న ఇంగ్లీషు పుస్తకం 1611దే. పేరు వదులుకున్నవాడు, కీర్తి మీద మోజు లేనివాడు అనే అర్థంతో ఎవరో ఒకరు విరక్తుడని రాసి ఉంటారని నా ఊహ. అది పుస్తకంలో లేకపోయినా బోధకుల నోట నిలిచి ఉండవచ్చు.

తెనాలి మాస్టారు:
ఊహ బాగుంది తమ్ముడూ, కానీ మిషనరీలు గ్రీకు చదువుకున్నవాళ్ళు. ఇంగ్లీషు చూసి తెలుగు రాశారని అనుకుంటే వాళ్ళ కష్టాన్ని తక్కువ చేసినట్టవుతుంది.

పటమట, విజయవాడ:
ముందు ఒక్క సంగతి తేల్చండి. అమ్మమ్మగారు అన్న మాటలో "ర"కు గుడి ఉందా లేదా?

ఎందుకంటే విరిక్తుడు అనే మాట ఉంది. మా ఆయుర్వేదంలో రోజూ వాడతాం. విరేచనం అయి కోష్ఠం శుభ్రపడ్డవాడు విరిక్తుడు. అదీ రిచ్ ధాతువే, ముందు "వి" చేరింది. మాస్టారు చుట్టరికం లేదన్నది విరక్తుడికి. విరిక్తుడు రిక్తుడికి సొంత తమ్ముడు. ఆ మాటకొస్తే ఆ ఇంట్లో ఇంకా చాలామంది ఉన్నారు: అతిరేకం, ఉద్రేకం, వ్యతిరేకం, అన్నీ రిచ్ పిల్లలే.

ఆస్పత్రిలో 30 ఏళ్ళు చేసిన మనిషి. అక్కడ వాక్యం చెప్పినవాళ్ళలో సంస్కృతం వచ్చిన కాంపౌండరో పండితుడో ఉండి విరిక్తుడు అని ఉంటే? అప్పుడు అమ్మమ్మగారు విన్నదాంట్లో తప్పే లేదు. గుడి ఎగిరిపోయింది మీ చెవిలో.

పట్టాభిపురం, గుంటూరు:
డాక్టరు గారూ, మీరు అడిగాక రాత్రి కళ్ళు మూసుకుని అమ్మమ్మ గొంతు తెచ్చుకోవడానికి చూశాను. చివరి పదేళ్ళూ ఆమెకు పై పళ్ళు లేవు. "రి"కీ "ర"కూ మధ్యలో ఏదో పలికేది. నాకు విరక్తి అన్న మాట తొమ్మిదో తరగతి తెలుగు వాచకంలో వచ్చింది. ఆ తరవాతే ఆమె మాటను విరక్తుడని విన్నానేమో. అంతకుముందు ఏమని విన్నానో గుర్తు రావడం లేదు.

గుణదల, విజయవాడ:
ఇంకో సందేహం. ఖాళీకి అచ్చ తెలుగులో వట్టి ఉంది కదా. లూకా మొదటి అధ్యాయంలో మరియమ్మ పాటలో ధనవంతులను "వట్టిచేతులతో" పంపివేసెను అనే పెట్టారు. అక్కడ వట్టి పనికొచ్చినప్పుడు ఇక్కడ రిక్తం ఎందుకు?

తెనాలి మాస్టారు:
వట్టివానిగా చేసికొనెను అని ఒకసారి పైకి చదవండి. నిలుస్తుందా? చేతులకు వట్టి అతుకుతుంది. మనిషికి అతికించామంటే అబద్ధం, ఉత్తది అనే అర్థం పైకి తేలుతుంది. గురజాడ కట్టిపెట్టమన్నది కూడా వట్టి మాటల్నే. ఇక ఆడవాళ్ళ వాడుకలో వట్టి మనిషి కాదంటే కడుపుతో ఉందని. వట్టిలో ఇన్ని అర్థాలు ఇరుక్కుని ఉన్నాయి. అనువాదకులు తెలిసే పక్కన పెట్టి ఉంటారు.

గురజాడ పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. "సొంత లాభం కొంత మానుకు" అన్నాడు ఆయన. కొంత! మొత్తం మానుకోమనలేదు. ఇదే అధ్యాయం నాలుగో వచనంలో పౌలు కూడా "తన సొంతకార్యములను మాత్రమేగాక యితరుల కార్యములను కూడ" చూడమన్నాడు. మాత్రమేగాక! ఇద్దరూ మామూలు మనిషికి వీలైనంతే అడిగారు. ఎప్పటికైనా ఈ రెండు మాటల మీద ఒక వ్యాసం రాయాలని నా కోరిక.

పట్టాభిపురం, గుంటూరు:
ఖాళీ అనగానే నాకు అమ్మమ్మ మాటే ఇంకొకటి గుర్తొస్తోంది. బియ్యం అయిపోతే అయిపోయాయి అననిచ్చేది కాదు. "నిండుకున్నాయి" అనాలి. లేమిని నిండుతనంతో చెప్పే భాష మనది. తెలుగువాడెవడో సొంతంగా రాసి ఉంటే ఈ వచనం ఎలా ఉండేదో అనిపిస్తుంది.

వినుకొండ నుంచి:
అమ్మా, ఎంత మంచి మాట పట్టుకొచ్చారు! తన్ను తానే నిండుకొనెను. ఇదే జాషువా గారి చేతిలో పడి ఉంటే పద్యం అయ్యేది.

ఆయన మా ఊరివాడు, 1895లో వినుకొండలో పుట్టాడు. గుంటూరులో లూథరన్ వాళ్ళ ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో పదేళ్ళు చెప్పాడు. క్రీస్తు చరిత్రకు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఆ కావ్యం మా నాన్నగారు మాకు చదివి వినిపించేవారు. అందులో నన్ను పట్టుకునేది తత్త్వం కాదు. కాలినడకన ఊళ్ళు తిరిగే, అలిసే, కుష్ఠురోగిని ముట్టుకునే మనిషి. జాషువా క్రీస్తును చదివాక రిక్తుడనే మాట నాకు పుస్తకంలోంచి బయటికి వచ్చినట్టయింది.

దానికన్నా ముందు గబ్బిలం ఉంది, 1941. అందులో మనిషి తన బాధ కాశీ విశ్వేశ్వరుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు. అతనూ రిక్తుడే కదా? కడుపు ఖాళీ, చేతులు ఖాళీ, గుడి తలుపు మూసి ఉంది. కానీ అతన్ని రిక్తుణ్ణి చేసింది లోకం. క్రీస్తు తనంతట తాను అయ్యాడు. ఒకే కవి ఈ ఇద్దరినీ రాశాడు. నా దృష్టిలో రెండు కావ్యాలనూ పక్కపక్కన పెట్టి చదవాలి. జాషువాను కులం గురించి రాసిన కవి అని ఒకరు, క్రైస్తవ కవి అని ఒకరు విడగొట్టుకుపోతుంటే నాకు బాధగా ఉంటుంది.

పటమట, విజయవాడ:
మంచి మాట. కానీ మనం గుడి దగ్గర ఆగాం. విరిక్తుడు సంగతి ఎవరూ ఖండించలేదు, ఒప్పుకోలేదు.

బ్రాడీపేట, గుంటూరు:
నేను రిటైరైన స్టాఫ్ నర్సుని. మిషన్ ఆస్పత్రిలోనే ట్రైనింగ్ అయ్యాను. ఇప్పటిదాకా చదువుతూ ఊరుకున్నాను, వినుకొండ తమ్ముడు అన్నది చూశాక ఉండలేక రాస్తున్నా.

మీరంతా "వి" దగ్గర నిలబడిపోయారు. నాకు ఈ వచనంలో ప్రాణం "కొను"లో ఉంది. ఆరో వచనం నుంచి ఎనిమిదో వచనం దాకా వేలుపెట్టి చదవండి. విడిచిపెట్టకూడని భాగ్యమని "యెంచుకొనలేదు". దాసుని స్వరూపము "ధరించుకొని". రిక్తునిగా "చేసికొనెను". తన్ను తాను "తగ్గించుకొనెను". మూడు వచనాల్లో నాలుగుసార్లు. యోహాను పదమూడులో పాదాలు కడిగేముందు కూడా తువాలు నడుముకు "కట్టుకొనెను". ఎవరో కట్టలేదు.

ఎందుకు చెబుతున్నానంటే, ఒక కూడికలో ఒక బోధకుడు ఆయాలను, ఊడ్చేవాళ్ళను ముందు వరసలో కూర్చోబెట్టి, మీరు ఇంకా తగ్గించుకోవాలి, ఇంకా రిక్తులు కావాలి అని గంటసేపు చెప్పాడు. వాళ్ళ చేతులు ఫినాయిల్‌తో పగిలి ఉన్నాయి. నెల జీతం పదో తారీకుకే నిండుకునేది. వాళ్ళ దగ్గర ఖాళీ చేసుకోవడానికి ఏముంది? వచనంలో ఖాళీ చేసుకున్నవాడు దేవునితో సమానంగా ఉన్నవాడు. ఉన్నవాడు వదులుకున్నాడు. లేనివాళ్ళ దగ్గర గుంజుకోవడానికి ఈ వచనాన్ని వాడకూడదని నాకు ఆ రోజే అనిపించింది. అప్పుడు నోరు తెరవలేదు, చిన్నదాన్ని.

ఉన్నది వదులుకోవడమంటే నాకు డాక్టర్ అన్నా కుగ్లర్ గుర్తొస్తారు. 1883లో గుంటూరు వచ్చారు. డాక్టరు చదువు పూర్తిచేసిన మనిషి. పంపిన సంఘం అప్పటికి వైద్యం పనికి సిద్ధంగా లేదు, టీచరు పని మీద పంపింది. సరేనని వచ్చారు. ఆ పని చేస్తూనే రోగుల్ని చూశారు. ఆస్పత్రి కట్టించారు. 1930లో ఇక్కడే పోయారు. చదువు, ఊరు, మనుషులు, అన్నీ ఉండి వదులుకుని వచ్చారు. అది చేసికొనెను.

అయితే ఈ అమ్మాయి వాళ్ళ అమ్మమ్మ కూడా రిక్తురాలే అంటాను. ఆస్తి లేకపోవచ్చు. "నేను చేశాను" అనే మాట అయినా ఉంటుంది కదా మనిషి దగ్గర. ఆమె దాన్ని వదిలి గిన్నెల దగ్గరికి వెళ్ళింది. ఎవరూ వెళ్ళమనలేదు.

పట్టాభిపురం, గుంటూరు:
అక్కా, ఇది చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను.

తెనాలి మాస్టారు:
అమ్మా, మీరు చెప్పింది మనసుకు తాకింది. వ్యాకరణం మాట ఒకటి చేర్చనివ్వండి. కొను ఆత్మార్థకం, చేసిన పని ఫలం తనకే చెందుతుందని చెబుతుంది. వండాడు వేరు, వండుకున్నాడు వేరు. అందుకే మార్కు పదో అధ్యాయంలో "పరిచారము చేయించుకొనుటకు రాలేదు గాని పరిచారము చేయుటకును" అన్నప్పుడు మొదటిదానికి కొను పెట్టి రెండోదానికి తీసేశారు. సేవ ఫలం ఇతరులది. ఎంత జాగ్రత్తగా చేశారో చూడండి.

కానీ ఆ లెక్కన చేసికొనెనులో కొను ఉండకూడదు. రిక్తుడవడంలో తనకు లాభం ఏముంది? ఇక్కడ కొను తన ఇష్టాన్ని చెప్పడం లేదని, "తన్ను" అనే కర్మకు తోడుగా వచ్చిందని నా అభిప్రాయం. తన ఇష్టమనే భావం "తానే"లో ఉన్న ఏకారం ఇస్తుంది. తన్ను తాను అని కొందరు చదువుతారు, తప్పు. తానే. ఆ ఏకారమే అసలు అక్షరం.

బ్రాడీపేట, గుంటూరు:
మాస్టారూ, నా దృష్టిలో లాభం ఉంది. రాత్రి డ్యూటీలో ఎవరూ లేని ముసలావిడకు ఒళ్ళు తుడిచి బట్ట మార్చాక తెల్లవారి ఇంటికి నడిచి వచ్చేటప్పుడు ఒళ్ళు ఎంత తేలిగ్గా ఉండేదో నాకు తెలుసు. దానికి వ్యాకరణంలో ఏ పేరు ఉందో మీరే చెప్పాలి.

గుణదల, విజయవాడ:
పరిచారము అనే మాట వచ్చింది కాబట్టి, పరిచర్య గురించి వేరే చర్చ పెట్టాలి. ఇవాళ పరిచర్య అంటే మైకు ముందు నిలబడి ప్రసంగించడం అయిపోయింది. అసలు అర్థం పక్కన ఉండి చూసుకోవడం. నర్సును పరిచారిక అన్నవాళ్ళకు ఆ అర్థం తెలుసు. తువాలు కూడా పోర్చుగీసు నుంచి వచ్చిన మాట, ఆ వచనంలో ఎంత ఒదిగిపోయిందో చూడండి.

పట్టాభిపురం, గుంటూరు:
ఇప్పుడే సత్తెనపల్లిలో ఉన్న మా పెద్దమ్మకు ఫోన్ చేశాను. అమ్మమ్మ పెద్ద కూతురు, ఆమెకూ 80 దాటాయి. వాక్యం అడిగితే వెంటనే అందుకుంది. "గుడీ కొమ్మూ నాకేం తెలుసే. అయినా మా అమ్మ చేసికొనెను అని ఎప్పుడన్నది? తన్ను తానే విరక్తుణ్ణి చేసుకున్నాడే అనేది" అంది.

నా చెవిలో ఉన్న "చేసికొనెను" కూడా అమ్మమ్మది కాదన్నమాట. అది సండే స్కూలుది.

తెనాలి మాస్టారు:
విరక్తుణ్ణి అన్నారా, విరక్తుడు చేసుకున్నాడన్నారా? "ణ్ణి" స్పష్టంగా వినబడిందా? అది వాడుక రూపం. ఎవరో ఒక బోధకుడు పుస్తకం చదవకుండా సొంత మాటల్లో చెప్పిన వాక్యమైతేనే అలా నిలుస్తుంది. అప్పుడు విరక్తుడు ఆయన మాట కావచ్చు.

పటమట, విజయవాడ:
"ణ్ణి" తరవాత చూద్దాం. పెద్దమ్మగారి చేత ఆ ఒక్క మాట నెమ్మదిగా రెండుమూడుసార్లు పలికించి రికార్డు చేసి పెట్టండి. "ర"కు గుడి ఉందో లేదో విని చెబుతాను.

పట్టాభిపురం, గుంటూరు:
పెద్దమ్మకూ పై పళ్ళు లేవండీ. ఆదివారం చర్చి నుంచి వచ్చాక అడుగుతాను.